ఒకరి పీట మీద మరొకరు

షెడ్డు తాళాలు మనవరాలి చేతిలో పెట్టిన రోజు మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నదాన్ని సాయంత్రం దాకా లేవలేదు. జ్వరమేమోనని ఇంట్లోవాళ్లు నుదురు పట్టి చూశారట. జ్వరం కాదు. బయట ఏ జీపు ఆగినా, అది ఎవరిదో, ఎందుకొచ్చిందో కనుక్కోవలసిన పని ఇక నాది కాదని తెలిశాక వచ్చిన నిద్ర అది. అట్లాంటి నిద్ర నాకు పెళ్లికి ముందు ఉండేదేమో.

మాది పరుపులు, దిండ్లు కుట్టే షెడ్డు. కదిరి దాటి నల్లమాడ వైపు పోయే రోడ్డు పక్కన ఉంటుంది. మా మామ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగినవాడు. మా ఆయన ఆ విల్లును గోడకు తగిలించి, ఏకే మిషను కొన్నాడు. ఆయన పోయాక మిషను, మనుషులు, తనిఖీకి వచ్చే జీపులు అన్నీ నా మీద పడ్డాయి. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకా. చదవగలను కానీ తొందరగా చదవలేను. అందుకని సంతకం పెట్టమని ఎవరు ఏ కాగితం ఇచ్చినా ఒక పూట ఆగమనేదాన్ని. నిదానంగా చదివేవాళ్లకు ఉన్న మేలు అదొక్కటే.

ఇప్పుడు షెడ్డు మనవరాలు రుక్సానా చూసుకుంటోంది. దాని స్నేహితులు కూడా చుట్టుపక్కల చిన్న చిన్న పనులు మొదలుపెడుతున్నారు. ఒకరు బేకరీ, ఒకరు అగరబత్తీలు, ఇంకొకరు చింతపండు పాకెట్లు. ఇంటికొస్తే నన్ను అడిగేది ఒకటే మాట: "జేజీ, ఏమేం లైసెన్సులు కావల్ల?" అది చెప్పడానికి ఫీజు తీసుకునేవాళ్లు వేరే ఉన్నారు. ఆ పట్టిక నా దగ్గర లేదు. నలుగురిని పనిలో పెట్టుకున్న నాటి నుంచి చట్టం మన గడపలోనే కూర్చుని ఉంటుంది. దాన్ని చూసి భయపడాలా, దాని కళ్లు కప్పాలా, లేక పీట వేసి కూర్చోబెట్టాలా అనేది నాకు ఒక మనిషి చెయ్యి విరిగినప్పుడు గానీ పూర్తిగా తెలియలేదు. ఆ సంగతి చెబుతాను. మీకు పనికొచ్చింది తీసుకోండి.

నీళ్లు తాగని ఆడవాళ్లు

ముందు ఒక చిన్న సంగతి. షెడ్డుకు మొదటిసారి తనిఖీకి వచ్చిన అధికారి సన్నటి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడేవాడు. మా ఆయన టీ తెప్పించాడు. అతను టీ పక్కన పెట్టి, "ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడుంది?" అన్నాడు. నేను వెనక కంపచెట్ల వైపు చెయ్యి చూపించాను. కట్టడానికి గడువిచ్చి, చల్లారిన టీ తాగి వెళ్లిపోయాడు.

అతణ్ని తిట్టని రోజు లేదు. మా ఇంటి ప్రహరీ పాతది కూల్చిన ఇటుకలు దాచి ఉంచాను. వాటితోనే కట్టించాను, మేస్త్రీ మొత్తుకున్నా కొత్తవి కొననివ్వలేదు. కట్టిన కొన్నాళ్లకు ఒకటి గమనించాను. అంతకుముందు షెడ్డులో కుండ నిండా పోసిన నీళ్లు సాయంత్రానికి సగం కూడా తగ్గేవి కావు. ఇప్పుడు మధ్యాహ్నానికే కుండ ఖాళీ. బయటికి పోవలసి వస్తుందని ఆ ఎండల్లో ఆడవాళ్లు నీళ్లు తాగడమే మానుకున్నారు. మధ్యాహ్నం పైన కుట్లు వంకర పోతుంటే బద్ధకం అనుకుని కసిరేదాన్ని. అది బద్ధకం కాదు, దాహం.

ఆ తర్వాత చాలామంది అధికారులు వచ్చారు. బెదిరించడానికి వచ్చినవాళ్లున్నారు, టీ కోసం వచ్చినవాళ్లున్నారు. ఏం ఉంది, ఏం లేదు అని మాత్రమే అడిగి పోయేవాళ్లు తక్కువ. అట్లాంటివాళ్లు వచ్చినప్పుడు మనకు కోపం వస్తుంది. వస్తే రానివ్వండి, వాళ్లు అడిగింది మాత్రం చేయండి.

దాచిన పదో మనిషి

మా లెక్కలు చూసేది శేషయ్య. కదిరి బజారులో మేడ మెట్ల కింద చిన్న గది అతనిది. సగం బజారుకు నెలనెలా కట్టవలసినవి, పంపవలసినవి అతనే చూస్తాడు. మంచివాడు. అయితే అతనికి ఒక సామెత అంటే మహా ఇష్టం: అబద్ధమాడినా అతికినట్టుండాలి.

మనుషులు పదికి చేరితే కార్మికుల ఆరోగ్య బీమా కట్టాలి అన్నప్పుడు బజారులో చాలా కొట్లు తొమ్మిది దగ్గర ఆగిపోయాయి. ఆ రోజుల్లో ఏ కొట్టుకు పోయినా పదో మనిషి మిద్దె మీద దాక్కుని ఉండేవాడు. శేషయ్య నాకూ అదే చెప్పాడు.

"అమ్మా, తొమ్మిది మందిని చూపిస్తాం. మిగిలినోళ్లు చుట్టాలు, ఊరికే వచ్చినారు అందాం."

"జీపు వచ్చినప్పుడల్లా వాళ్లను యాడ దాచల్ల?"

"వెనక కొట్టం ఉండాది కదమ్మా."

"దాచిన మనిషికి కాపలా ఇంకో మనిషి కావల్ల శేషయ్యా. ఆ జీతం నువ్వు ఇస్తావా?"

అట్లా మా షెడ్డులో అందరికీ బీమా కార్డులు వచ్చాయి. నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటుంటే ఆడవాళ్లు గొణిగారు. ఒకామెకు పిత్తాశయంలో రాళ్లు తీసే ఆపరేషన్ ఆ కార్డు మీద జరిగాక గొణుగుడు ఆగింది. నేనూ గొణగడం ఆపాను, ఎందుకంటే నా వాటా కూడా ఉంది కదా. ఇక మన పని సక్రమంగానే ఉంది అని శేషయ్య, నేను ఇద్దరం అనుకున్నాం. ఎక్కడ కంత ఉందో ఇద్దరికీ కనిపించలేదు. రోజూ దాని మీదే కూర్చుని పని చేస్తున్నాం.

పీట ఇంటిది

మా షెడ్డులో కుట్టుపని ఆడవాళ్లది. పరుపు నేల మీద పరిచి, పక్కన పీట వేసుకుని, దబ్బనంతో అంచు కుట్టాలి. ఒక్కొక్కరికి ఒక పీట. ఎవరి పీట వాళ్లదే.

మా వైపు వాన సరిగా పడని ఏడే ఎక్కువ. వాన లేకపోతే వేరుశనగ లేదు, కలుపు లేదు, కూలి లేదు. అట్లాంటి ఏడు షెడ్డులో ఒక పీట ఉండటమంటే నీళ్లు పడిన బోరు ఉన్నట్టే. సంబంధాలు చూసేటప్పుడు కూడా "మాకు షెడ్డులో పీట ఉండాది" అని చెప్పుకునేవాళ్లు. అందుకని ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా పీటను ఖాళీగా వదిలేవాళ్లు కాదు. అక్క రాకపోతే చెల్లెలు, కోడలు రాకపోతే అత్త వచ్చి కూర్చునేది. దాన్ని "బదులు" అంటారు. పీట ఇంటిది, మనిషిది కాదు. మా మామ కాలం నుంచి అదే మాట. హాజరు మాత్రం ఎప్పుడూ వచ్చే మనిషి పేరుకే వేసేవాళ్లం. జీతం ఆ పేరు ఖాతాలోకే పోయేది. ఎటూ ఆ ఇంట్లోకే కదా పోయేది.

నాకూ అది బాగుండేది. పని ఆగదు, కొత్తవాళ్లను వెతుక్కునే పని లేదు. అది దయ అనుకునేదాన్ని కూడా.

చట్టానికి ఇల్లు తెలియదు. దానికి తెలిసింది మనిషి ఒక్కటే. పేరు, ముఖం, వేలిముద్ర. మా ఇంటి లెక్కకూ దాని మనిషి లెక్కకూ మధ్య ఉన్న ఆ కంతలోనే ఓబులమ్మ పడింది.

"పడలేదు, దిగినా"

లక్ష్మీదేవి మా కుట్టేవాళ్లలో చెయ్యి తిరిగిన పిల్ల. నెలలు నిండుతుంటే కాన్పుకు తనకల్లులో ఉన్న పుట్టింటికి పోయింది. ఆమె పీట మీదికి అత్త ఓబులమ్మ బదులు వచ్చింది. ఓబులమ్మ చేలల్లో పని చేసి గట్టిపడిన మనిషి. దబ్బనం కంటే నోరు పదును.

"ఏం ఓబులమ్మా, నీ కోడలి మాదిరి కుడతావా?" అని అడిగాను మొదటి రోజు.

"నా కోడలు నా దగ్గర నేర్చుకుందా, నేను దాని దగ్గర నేర్చుకున్నానా? గోతాములు కుట్టి కుట్టి నా వేళ్లు అరిగినాయి కాసీమమ్మా. పరుపు ఎంత, గోతాం తమ్ముడే కదా."

నిజంగానే బాగా కుట్టింది. అయితే షెడ్డు అంటే కుట్టు ఒక్కటే కాదు. గోడ పక్కన దూది బేళ్లు మెట్లమెట్లుగా పేర్చి ఉంటాయి. వాటి పైన అటక మీద పరుపు గుడ్డ ఉంటుంది. నిచ్చెన ఉండేది కానీ రెండు మెట్లు ఊడిపోయి మూలన పడి ఉంది. బేళ్లు ఉండగా నిచ్చెన ఎందుకని నేను కొనలేదు. అందరూ బేళ్లు ఎక్కే గుడ్డ తీసేవాళ్లు. ఎడమ పక్క కింది బేలు కట్టు వదులైందని, దాని మీద కాలు పెట్టకూడదని లక్ష్మీదేవికి తెలుసు, అందరికీ తెలుసు. ఓబులమ్మకు ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఆ పీట మీద ఉన్నది లక్ష్మీదేవి అన్నట్టే కదా మా అందరి లెక్క.

ఆ మధ్యాహ్నం గుడ్డ తేవడానికి ఎక్కిన ఓబులమ్మ సరిగ్గా ఆ బేలు మీదే కాలు పెట్టింది. అది జారింది. నేను మిషను పక్క నుంచి పరుగెత్తి వచ్చేసరికి నేల మీద కూర్చుని ఉంది.

"పడినావా ఓబులమ్మా?"

"పడలేదులే. రోంత బిరీన దిగినా."

కొంచెం తొందరగా దిగిందట! ఆ మాటకు నవ్వబోయి ఆమె కుడి చెయ్యి చూశాను. మణికట్టు దగ్గర చెయ్యి వంగకూడని వైపు వంగి ఉంది. నోరు మాత్రం ఆగలేదు, కానీ పెదవులు తెల్లబడ్డాయి.

ఓబులమ్మ కొడుకు అంజి, అంటే లక్ష్మీదేవి మొగుడు, ఆటో తోలతాడు. అతని ఆటోలోనే కదిరి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఎముక విరిగి పక్కకు జరిగిందని, ప్లేటు వేయాలని, అనంతపురం తీసుకుపొమ్మని డాక్టరు చెప్పాడు. చెప్పి, "పనిలో పడిందా? బీమా కార్డు ఉందా?" అని అడిగాడు.

కార్డు ఉన్నది లక్ష్మీదేవికి.

ఆసుపత్రి వరండాలో

శేషయ్యకు ఫోను చేస్తే స్కూటరు మీద తనే వచ్చాడు. వరండాలో నన్ను, అంజిని పక్కకు పిలిచాడు. ఓబులమ్మ అక్కడే బల్ల మీద చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, లక్ష్మీదేవి కార్డు ఉండాది కదా. ఆమె పేరే చెప్పండి. హాజరులో ఈ పొద్దు కూడా ఆమె పేరే ఉండాది. అంతా అతుకుతాది."

"పడింది ఓబులమ్మ కదప్పా."

"ఎవరు పడితే ఏమమ్మా, ఆ ఇంటి మనిషే కదా. ఓబులమ్మ పేరు చెప్తే మాత్రం చిక్కే. లిస్టులో లేని మనిషితో పని చేయిస్తాండామని మనమే ఒప్పుకున్నట్టు. జుల్మానా ఏస్తారు. ఇంకా ఎంతమంది బదులోళ్లు ఉండారో అని పాత ఏండ్లన్నీ తవ్వుతారు. షెడ్డు మూయమన్నా అంటారు."

అంజి రెండు చేతులూ జోడించాడు. "కాసీమమ్మా, లక్ష్మి పేరే చెప్పు. ఆపరేషన్ అంటే మా చేత యాడ అయితాది? బదులు సంగతి బయటపడితే లక్ష్మి పీట కూడా పోతాది. ఇంట్లో ఇంకో నోరు రాబోతాంది."

అప్పుడు బల్ల మీద నుంచి ఓబులమ్మ అందుకుంది. "ఒరే అంజీ, లక్ష్మికి నెలలు నిండినాయి. నేనే లక్ష్మినైతే డాక్టరు నాకు కట్టు కట్టల్లనా, కాన్పు చేయల్లనా? అది కూడా అడిగి రా పో."

పక్కన ఉన్న నర్సు నవ్వింది. అంజీ నవ్వాడు. శేషయ్య కూడా నవ్వబోయి ఆగిపోయాడు. ఇంకొద్ది రోజుల్లో లక్ష్మీదేవి కాన్పుకు చేరేది కూడా అదే కార్డు మీద. ఒకే మనిషి ఒక ఆసుపత్రిలో చెయ్యి విరిగి, ఇంకో ఆసుపత్రిలో బిడ్డను కని ఉండాలి. ఎంత అతికించినా అతకని అబద్ధం అది.

నేను మాత్రం వేరే ఆలోచిస్తున్నాను.

"శేషయ్యా, చెయ్యి సరిగా అతుక్కోలేదనుకో. జన్మంతా నెలనెలా భృతి ఇస్తారు కదా. అది ఎవరికి వస్తాది?"

"కార్డు ఎవరిదైతే వాళ్లకే అమ్మా."

"అంటే చెయ్యి పోయేది అత్తది, దుడ్లు వచ్చేది కోడలికి. రేపు వేరు కాపురమైతే ఓబులమ్మ ఏం తినల్ల? నా చెయ్యి విరిగిందని యాడ పోయి చెప్పుకోవల్ల? కాగితం మీద ఆమె పడనే లేదు కదా."

అంజి నేల చూపులు చూశాడు. ఓబులమ్మ విరిగిన చేతిని ఇంకో చేత్తో ఒళ్లోకి దగ్గరగా లాక్కుంది.

నేను పెద్ద ధర్మాత్మురాలిని కాదు. కానీ దేనికైనా ఖర్చు చూసేదాన్ని. నిజం చెబితే ఖర్చు ఒకేసారి. అబద్ధాన్ని ఎద్దు మాదిరి రోజూ మేపాలి, నీళ్లు పెట్టాలి, తాడు తెంచుకోకుండా చూసుకోవాలి. నాకు అంత మేత లేదు.

"ఓబులమ్మ పేరే రాయించు. కార్డు లేదని చెప్పు. ఇప్పటికి ఖర్చు నేను పెట్టుకుంటా. రేపు అనంతపురం ఆఫీసుకు పోదాం."

"మరి లక్ష్మి పీట?" అన్నాడు అంజి.

"పీట యాడికీ పోదు" అన్నాను గట్టిగా. షెడ్డు ఉంటే, అన్న మాట నోట్లోనే ఉంచుకున్నాను.

అనంతపురం ఆఫీసులో

బస్సులో శేషయ్య మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. బస్టాండులో దిగాక మాత్రం, టిఫిను తిందామన్నాడు. చద్దన్నం, మామిడికాయ కారం క్యారియరులో తెచ్చానని చెప్పాను. ఆ మాటకు అతని కోపం ఇంకా పెరిగింది.

బీమా ఆఫీసులో కూర్చున్న ఆమె చిన్న వయసు మనిషి. మేము ఇచ్చిన ప్రమాదం కాగితాన్ని, మా హాజరు పట్టీని పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"ఈ ఓబులమ్మ పేరు మీ లిస్టులో లేదు. దెబ్బ తగిలాక బయటి మనిషిని తెచ్చి మా మనిషే అని చేర్చేవాళ్లు చాలామంది వస్తారు. మీరూ అట్లాగే వచ్చారా?"

"లేదు మేడం. ఆమె మా దగ్గరే పని చేస్తాండె."

"మీ హాజరు ప్రకారం ఆ రోజు పని చేసింది లక్ష్మీదేవి."

"హాజరు తప్పు మేడం. మనిషి నిజం."

శేషయ్య బల్ల కింద నా కాలు తొక్కాడు.

"కాలు తీయి శేషయ్యా" అన్నాను. ఆ తర్వాత దాచేది ఏమీ మిగల్లేదు. పీట సంగతి, బదులు సంగతి అంతా చెప్పాను. మా వైపు వాన లేని ఏడు పీట అంటే ఏమిటో కూడా చెప్పాను.

"ఇట్లా ఎన్నేళ్లుగా జరుగుతోంది?"

"మా మామ కాలం నుంచి."

శేషయ్య కళ్లు మూసుకున్నాడు. ఆమె కలం కింద పెట్టింది. "మీరు చెప్పింది రాసిస్తారా?"

"రాసిస్తా. నేను నిదానంగా రాస్తా. మీకు పని ఉంటే చూసుకోండి."

ఒక తెల్ల కాగితం ఇచ్చి, ఆమె వేరే ఫైలు తీసుకుంది. నేను కూర్చుని రాశాను. పరుపు అంచు కుట్టినట్టే రాశాను, ఒక్కో కుట్టూ చూసుకుంటూ. అంతా అయ్యాక చదివి, షెడ్డు చూడాలని, మిగతావాళ్లను అడగాలని చెప్పింది. అప్పటిదాకా ఏదీ చెప్పలేనంది. ఓబులమ్మ మా మనిషని నమ్మకపోతే ఆమెకు ఏమీ రాదు. నమ్మితే నాకు ఏం పడుతుందో తెలియదు. ఆ రెండింటి మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి పంపింది.

షెడ్డుకు వచ్చిన జీపు

జీపు వచ్చే రోజు పొద్దున ఆడవాళ్లంతా నా చుట్టూ చేరారు. అందరిలోకీ పాతది నాగరత్న. ఆమే అడిగింది.

"కాసీమమ్మా, ఏం చెప్పమంటావు?"

"అడిగింది చెప్పండి."

"బదులు వస్తామని చెప్తే మా పీటలు ఉంటాయా?"

"నేనుండే దాకా ఉంటాయి."

"నువ్వు ఉంటావు సరే, షెడ్డు ఉండల్ల కదా."

పనిలోకి పొమ్మన్నాను.

ఆ ఆఫీసరమ్మ నన్ను బయట కూర్చోమని, లోపల ఒక్కొక్కరినే అడిగింది. మొదట అడిగినవాళ్లు భయపడి, "మాకు తెల్దు, మేము తలొంచుకుని కుట్టుకుంటాం" అన్నారట. అట్లా అందరూ అంటే ఓబులమ్మ పని అయిపోయినట్టే. నాగరత్న వంతు వచ్చింది. రేకుల గోడ కదా, ఆమె గొంతు నాకు బయటికి వినిపించింది.

"మేడం, ఆ పీట మీద ఉన్నింది ఓబులమ్మే. నేను కండ్లారా చూసినా, బేలు జారింది కూడా చూసినా. మేమంతా ఎప్పుడో ఒగసారి బదులు వచ్చినోళ్లమే. నేను ఈ షెడ్డులో కాలు పెట్టింది కూడా మా వదినకు బదులుగానే. ఆ పొద్దు నేను పడింటే నన్ను కూడా తెల్దు అందురా వీళ్లు?"

తర్వాత ఇంకొకరు మాట్లాడారు, ఆ తర్వాత ఇంకొకరు. బయట నేను రాతి మీద కూర్చుని విన్నాను.

ఆఫీసరమ్మ బయటికి వచ్చి, స్విచ్చి బోర్డుకు ఆనించి పెట్టిన దూది బేళ్లు చూపించింది. "ఇవి ఇక్కడ ఉండకూడదు. నిప్పురవ్వ పడితే ఏమవుతుంది?" అంది. వచ్చింది ఒకదానికి, చూపేది ఒకటా అని లోపల విసుక్కున్నాను. ఆమె జీపు కనుమరుగు కాకముందే బేళ్లు మాత్రం జరిపించాను.

ఆకలి

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పను, చెప్పినా అందం లేదు. ఓబులమ్మకు ప్లేటు వేశారు. తనకల్లులో లక్ష్మీదేవికి ఆడపిల్ల పుట్టింది. నేను ప్రతి జీపు చప్పుడుకూ కుట్టు మధ్యలో దబ్బనం ఆపేదాన్ని.

ఒక రోజు శేషయ్య ఫోను చేయకుండా నేరుగా షెడ్డుకే వచ్చాడు. హెల్మెట్టు తీయకుండానే చెప్పాడు.

"అమ్మా, ఒప్పుకున్నారు. ఓబులమ్మ పీట మీద కూర్చున్న మొదటి రోజు నుంచే మన మనిషంట. దెబ్బ ఆమె పేరు మీదే రాసుకున్నారు. వైద్యం, భృతి, ఏమొచ్చినా ఆమెకే. బిల్లులు పెట్టమన్నారు."

"లక్ష్మీదేవికి?"

"అత్త చేసిన రోజులు కోడలి లెక్క నుంచి తీసేసినారు. ఆమె చేసినవి ఆమెకు ఉండాయి. కాన్పుకు రావాల్సింది వస్తాది."

"షెడ్డు?"

"జుల్మానా కట్టల్ల. ఇకమీద పేరు ఎక్కించకుండా బదులోళ్లను కూర్చోబెట్టము అని రాసియ్యల్ల. అంతే. మూయమని యాడా లేదు." అప్పుడు హెల్మెట్టు తీసి, పీట లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, ఇన్ని రోజులూ నాకు అన్నం సయించలేదు. ఇప్పుడు ఆకలైతాంది. ఏమన్నా ఉండాదా?"

క్యారియరులో నా మధ్యాహ్నం చద్దన్నం ఉంది. ఆ రోజు బస్టాండులో కోపం తెప్పించిన చద్దన్నాన్నే గిన్నె అడుగు దాకా తిన్నాడు. నాకు ఆకలి అనిపించలేదు. ఏదో బరువు దిగినప్పుడు ఒళ్లు తేలికై కూర్చోలేకపోతాం చూడండి, అట్లా షెడ్డంతా ఊరికే తిరిగాను.

జుల్మానా కట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆడలేదు. నిజం చెప్పినందుకు ఎవరూ తగ్గించలేదు. మీకూ తగ్గించరు. ఆ ఆశతో నిజం చెప్పకండి. రేపు ఇంకో జీపు వచ్చినప్పుడు పాత మాట గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు, అదే లాభం.

శేషయ్యను మార్చమని కొందరు సలహా ఇచ్చారు. మార్చలేదు. అతను చెప్పింది తన మేలు కోసం కాదు, నన్ను కాపాడదామని. పైగా వేరేవాళ్లు ఎక్కువ ఫీజు అడిగారు. మీకు సలహా ఇచ్చేవాళ్లు మీ మంచి కోరేవాళ్లే అయి ఉంటారు. కాకపోతే వాళ్లు చూసేది కాగితం అతుకుతుందా లేదా అని. పడిన మనిషి వైపు చూడవలసింది యజమానే. ఆ పని ఫీజుకు ఎవరూ చేసిపెట్టరు.

ఇంకొక మాట. బదులును నేను మాన్పించలేదు. ఈ నేల మీద దాన్ని మాన్పిస్తే కొన్ని పొయ్యిలు వెలగవు. పీట ఇంటిదిగానే ఉంది. కూర్చునే మనిషి పేరు మాత్రం కూర్చోకముందే ఎక్కాలి. ఎక్కాక ఒక పూట నాగరత్న పక్కన ఉండి ఏ బేలు వదులు, ఏ స్విచ్చి ముట్టుకోకూడదు, మిషను దగ్గర కొంగు ఎట్లా చెక్కుకోవాలి అని చూపించాలి. ఆ తర్వాతే దబ్బనం. మీ ఊరి ఆచారం మీకూ ఒకటి ఉంటుంది. అది చెడ్డదని ఎవరో అంటే వదిలేయనక్కర్లేదు, మంచిదని కళ్లు మూసుకోనూ అక్కర్లేదు. దానిలో పని చేసే మనిషి కనిపిస్తోందా లేదా అన్నది ఒక్కటి చూసుకోండి.

ముడి

లక్ష్మీదేవి సెలవు అయిపోయి బిడ్డతో వచ్చిన రోజు ఓబులమ్మ కూడా వెంట వచ్చింది. కట్టు విప్పి చాలా రోజులైంది. మణికట్టు మీద మచ్చ పొడుగ్గా ఉంది. కోడలు తన పీట మీద కూర్చుంది. ఓబులమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"నీకేం కావల్ల?" అని అడిగాను.

"ఏం లేదు. మనవరాలిని ఎత్తుకోను వచ్చినా."

అబద్ధమని తెలుస్తూనే ఉంది. బిడ్డ కోడలి ఒళ్లోనే ఉంది, ఈమె కళ్లు దబ్బనం మీద ఉన్నాయి. ఆ ఏడు పని కాస్త పెరిగింది. మూలన ఉన్న కొత్త పీట లాగి, ఆమె పేరు ఎక్కించమని, అప్పటికే హాజరు రాస్తున్న రుక్సానాతో చెప్పాను. దబ్బనం, దారం ఆమె ముందు పెట్టాను.

"కుట్టు. చేతిని చూడల్ల."

మొదటిసారి దారం జారిపోయింది. షెడ్డులో అందరి చేతులూ ఆగాయి. రెండోసారి దారం ఎక్కించింది. అంచులో గుచ్చి, లాగి, వేలికి చుట్టి ముడి వేసింది. వేశాక చెయ్యి విదిలించి, నా వైపు చూసింది.

"కాసీమమ్మా, ఇకమీద పడితే నా పేరు మీదే పడతా కదా?"

"పడే పని లేదు. ఇనప నిచ్చెన కొన్నా. దాని దుడ్లు ఊరికే పోకూడదంటే అందరూ దాన్నే ఎక్కల్ల."

షెడ్డులో అందరికంటే గట్టిగా నవ్వింది లక్ష్మీదేవి. ఆ నవ్వుకు బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. నేను వంగి, ఓబులమ్మ వేసిన ముడిని బొటనవేలితో నొక్కి చూశాను. గట్టిగానే ఉంది.